నంజమ్మను రైల్లో పంపు

మడివాళ, బెంగుళూరు
14-9-1958

బావకు ఓబళప్ప నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. చెల్లి నంజమ్మ లేచి తిరుగుతోంది. పాపకు మూడు వారాలు దాటాయి. ఏడుపు మొదలుపెట్టిందంటే వీధి చివరి ఇంటిదాకా వినిపిస్తుంది. ఆ గొంతు నీదేనని అమ్మ అంటుంది. నామకరణానికి వచ్చి ఒక్క పూటే ఉండి వెళ్ళిపోయావని అమ్మకు ఇంకా బేజారుగానే ఉంది. కొత్త ఉద్యోగంలో సెలవు దొరకదమ్మా అని నేనే సర్దిచెప్పాను.

ఇక అసలు సంగతి. బండి చప్పుడు చేస్తోంది బావా.

జూన్ నెలలో నీ పాత గ్యారేజీలో కొన్నప్పటినుంచి మొన్నమొన్నటిదాకా పట్టు మీద నడిచినట్టు నడిచింది. మార్కెట్టు స్టాండులో తక్కిన టాక్సీల వాళ్ళు "ఎవురు చూసి ఇచ్చినారప్పా ఈ బండి?" అని అడిగితే, "మా బావ. వెంకటగిరియప్ప గ్యారేజీలో పన్నెండేళ్ళు పెద్ద మేస్త్రీ" అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు వారం రోజులుగా కింద ఏదో కొట్టుకుంటోంది. గుంటలో పడితే గట్టిగా, చదును రోడ్డు మీద సన్నగా. నిన్న ఒక వకీలుగారిని కోర్టు దగ్గర దించుతుంటే ఆయన, "ఏమప్పా, నీ బండి కింద ఎవురో కూకోని తప్పెట కొడతా ఉండారే" అని నవ్వి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంజను పని నీ దగ్గర నేర్చుకున్నాను గాని, ఇంజను దాటి వెనక్కి వెళ్తే నాకు చీకటే. వేరే మేస్త్రీకి చూపించడానికి మనసొప్పలేదు. చప్పుడు ఎలా ఉందో రాశాను గనక ఏం చేయాలో నువ్వే రాయి.

ఇట్లు
నీ బావమరిది
ఓబళప్ప


రాబర్ట్‌సన్‌పేట
20-9-1958

చిరంజీవి ఓబళప్పకు మునినారాయణప్ప ఆశీస్సులు.

నీ జాబు చదివి నవ్వుకున్నాను. తప్పెట చప్పుడుకు భయపడేవాడివి టాక్సీ ఏం నడుపుతావు! పాత బండి అన్నాక నాలుగు మాటలు మాట్లాడుతుంది. ఏ మాట ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవడమే పని.

మొదట బండిని నిలబెట్టి, గేరు తీసేసి, యాక్సిలేటరు తొక్కి ఇంజనును గట్టిగా రేపు. కదలకుండా ఉన్నప్పుడు కూడా చప్పుడు వస్తే అది ఇంజనుదో పొగగొట్టానిదో. నిలబడితే ఆగిపోయి, కదిలితే వస్తే అది చక్రాల వైపుది. తరవాత పక్కన పొడుగాటి గోడ ఉన్న వీధిలో అద్దం దించి మెల్లగా నడుపు. చప్పుడు గోడకు తగిలి తిరిగొస్తుంది. ముందో వెనకో, కుడో ఎడమో చెవికి తెలిసిపోతుంది. ఇదంతా అయ్యాక చల్లబడిన బండి కింద పడుకొని, చేత్తో సైలెన్సరును ఊపి చూడు. దాన్ని పట్టుకునే ఇనప పట్టీ తెగి ఉంటుందని నా అనుమానం. కొత్త పట్టీ వేసి, మధ్యలో పాత టైరు ముక్క పెట్టి బిగించు.

ఇంకొక మాట. వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి పెట్టెలో నూనె నేనే పోశాను. ఏడాదిదాకా దాన్ని చూడనక్కర్లేదు. ఎవరినీ ముట్టనివ్వకు.

ఇక్కడ లారీల షెడ్డులో నా కింద పదకొండుమంది ఉన్నారు. యజమాని మంచివాడు. ఇల్లు చూశాను. రెండు గదులు, కొళాయి వాకిట్లోనే. నంజమ్మకు చెప్పు.

ఆశీస్సులతో
మునినారాయణప్ప


మడివాళ, బెంగుళూరు
12-10-1958

బావకు నమస్కారాలు.

నువ్వు కూర్చున్న చోటినుంచే చూసినట్టు చెప్పావు. పట్టీ తెగి వేలాడుతోంది. కొత్తది వేయించి టైరు ముక్క పెట్టాను. తప్పెట ఆగిపోయింది. నీ జాబు స్టాండులో అందరికీ చదివి వినిపించాను.

అయితే బావా, ఆ తప్పెట ఆగాక దాని వెనక ఇంకొక చప్పుడు దాక్కొని ఉన్నట్టు బయటపడింది. ఇరవై మైళ్ళ వేగం వరకు ఏమీ లేదు. ఇరవై అయిదు దాటగానే వెనక సీటు కింద "ఊఁ" అని మొదలవుతుంది. పెద్ద తుమ్మెద సీసాలో పడి గింజుకున్నట్టు ఉంటుంది. ముప్పై అయిదులో వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సిందే.

నువ్వు చెప్పినట్టే పరీక్ష చేశాను. నిలబెట్టి ఇంజను రేపితే రాలేదు. అంటే చక్రాల వైపుదే. ఇంకొకటి కూడా గమనించాను. యాక్సిలేటరు తొక్కి ఉన్నంతసేపు ఒక శ్రుతి. కాలు తీసేసి బండిని దొర్లనిస్తే ఇంకొక శ్రుతి. మళ్ళీ తొక్కితే మొదటిదే. పది సార్లు చూశాను, పది సార్లూ అంతే.

కలాసిపాళ్యంలో లారీల పని చేసే పిల్లప్ప అని ఒక ముసలాయన ఉన్నాడు. నేను బండి ఆపి టీ తాగుతుంటే ఆయనే వచ్చాడు. "వచ్చేటప్పుడు విన్నానప్పా. కాలు తీస్తే పాట మారతా ఉండాదా?" అన్నాడు. అవునన్నాను. "అయితే వెనక పెట్టె ఇప్పాల. లోపల ఇరుసును తిప్పే క్రౌను చక్రం పండ్లు చూడాల. ఆలస్యం చేయొద్దు" అన్నాడు. దాన్ని ముట్టొద్దని మా బావ రాశాడని చెప్పి వచ్చేశాను.

నువ్వేమంటావు?

నీ బావమరిది
ఓబళప్ప


రాబర్ట్‌సన్‌పేట
17-10-1958

చి. ఓబళప్పకు ఆశీస్సులు.

దారిన పోయేవాడల్లా మేస్త్రీ అయితే మాబోటి వాళ్ళం దేనికి? పిల్లప్ప సంగతి నాకు తెలుసు. లారీలు విప్పీ విప్పీ అలవాటుపడ్డ చెయ్యి. చిన్న బండి వెనక పెట్టెను ఒకసారి విప్పితే మళ్ళీ అదే అమరికకు రాదు. వెంట్రుకవాసి తేడా వస్తే లేని చప్పుడు కూడా మొదలవుతుంది. అందుకే చెప్తున్నాను, దాన్ని విప్పనివ్వకు. నూనె కూడా మార్చొద్దు.

నువ్వు చెప్పినది టైర్ల చప్పుడు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చు. కొత్తగా తారు వేసిన రోడ్డు మీద ఒకసారి, కంకర రోడ్డు మీద ఒకసారి నడుపు. తేడా తెలుస్తుంది. అప్పటికీ పోకపోతే చక్రాల బేరింగులు చూడు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగును కుడికీ ఎడమకూ కొద్దిగా ఊపుతూ పో. ఒక పక్కకు తిప్పినప్పుడు చప్పుడు పెరిగితే రెండో పక్క చక్రం బేరింగు అరిగినట్టు. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే లొడలొడలాడుతుంది.

బండి మానుకొని ఇంట్లో కూర్చోవద్దు. పండగ రోజులు, బేరాలు వచ్చే కాలం. నా మాట మీద నడుపు.

పాప నవ్వుతోందా? నంజమ్మను ఒక ముక్క రాయమను.

మునినారాయణప్ప


మడివాళ, బెంగుళూరు
16-11-1958

బావకు నమస్కారాలు.

నెల రోజులు రాయలేకపోయాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. టైర్లు మార్చాను. తారు మీదా కంకర మీదా నడిపాను. ఎడమ వెనక చక్రం బేరింగు కొంచెం ఆడుతుంటే కొత్తది వేశాను. చప్పుడు మాత్రం పోలేదు. తుమ్మెద పోయి ఇప్పుడు పిండిమర అయింది.

పోయిన ఆదివారం ఒకటి జరిగింది. మన మడివాళ సంతలో తమలపాకులమ్మే సొన్నమ్మవ్వ నీకు తెలుసు కదా. మీ పెళ్ళికి ఆకులన్నీ ఆమే తెచ్చింది. అత్తిబెలెలో మనవరాలిని చూసి రావాలంటే కొడుకుతో సహా నా బండిలోనే తీసుకుపోయాను. బయలుదేరేటప్పుడే ఆమె, "ఏమిరా ఓబళా, నీ బండి ఇట్లా మూలగతా ఉండాది? బాగుండాదా?" అని అడిగింది. "ఏం కాదవ్వా, మా బావ చెప్పినాడు. టైర్ల చప్పుడు" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు అత్తిబెలె దాటి రెండు మైళ్ళు వచ్చామో లేదో వెనక టప్పుమని పెద్ద చప్పుడు. బండిని ఎవరో తోక పట్టుకొని లాగినట్టు చక్రాలు ఒక్క క్షణం బిగుసుకుపోయాయి. బండి అడ్డం తిరిగింది. చింతచెట్టుకు జానెడు దూరంలో ఆగింది. సొన్నమ్మవ్వ నుదురు తలుపు చట్రానికి కొట్టుకొని చీలిపోయింది. ఆమె చీర కొంగంతా రక్తం. దారిన వచ్చిన బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాం. అయిదు కుట్లు పడ్డాయి. ఎడమ కన్ను మసకగా ఉందంటోంది. సంతకు రావడం లేదు. "రాయి మీద ఎక్కిందేమోలే అప్పా, నీదేం తప్పుండాది" అని ఆమే నాకు ధైర్యం చెప్పింది.

బండిని మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టే నడిచింది. పిండిమర చప్పుడు మాత్రం అట్లాగే ఉంది. రాయి ఏదైనా చక్రానికి అడ్డం పడిందా? చూస్తే కనిపించలేదు. ఇలా ఎందుకవుతుందో రాయి. అప్పటిదాకా ఇరవై దాటకుండా నడుపుతున్నాను.

ఇంకొక సంగతి. పాపకు మూడో నెల వచ్చింది. నంజమ్మను పంపడానికి అమ్మ 30వ తేదీ ఆదివారం మంచిదని చెప్పించింది. చంటిపిల్లతో రైల్లో తోపులాట, బంగారుపేటలో రైలు మారడం ఎందుకని మన బండిలోనే తీసుకొస్తాను. అమ్మ కూడా వస్తుంది. పొద్దున్నే బయలుదేరితే హొసకోట, కోలారు మీదుగా మెల్లగా వచ్చినా మధ్యాహ్నం భోజనానికి మీ ఇంట్లో ఉంటాం.

ఓబళప్ప


రాబర్ట్‌సన్‌పేట
19-11-1958

ఓబళప్పా,

నంజమ్మనూ పాపనూ బండిలో తీసుకురావద్దు. రైల్లో పంపు. బంగారుపేట స్టేషనుకు నేనే వచ్చి తీసుకుపోతాను. మీ అమ్మను కూడా ఆ బండి ఎక్కించొద్దు. కోలారు దారి బాగాలేదు. గుంటలెక్కువ. పసిపిల్లకు కుదుపు మంచిది కాదు.

ఈ జాబు అందగానే, రైల్లోనే పంపుతున్నానని ఒక కార్డు ముక్క రాయి. మరిచిపోకు. తక్కినవి తరవాత రాస్తాను.

మునినారాయణప్ప


మడివాళ, బెంగుళూరు
25-11-1958

బావా,

కార్డు కాదు, జాబే రాస్తున్నాను.

కోలారు దారి బాగాలేదని రాశావు. దసరా తరవాత రెండుసార్లు ఆ దారిన సవారీలు తీసుకుపోయాను. అత్తిబెలె రోడ్డుకంటే వెయ్యి రెట్లు నయం. నీ జాబు చేతిలో పట్టుకొని స్టాండులో చాలాసేపు నిలబడ్డాను. టైర్ల చప్పుడే అయితే నంజమ్మ ఎందుకు ఎక్కకూడదు? నా మాట మీద నడుపు అని రాసినవాడు, నా బండిలో మనుషులు రోజూ ఎక్కుతారని తెలిసి రాసినవాడు, తన పెళ్ళాం బిడ్డల దగ్గరికి వచ్చేసరికి రైలు అంటున్నాడేమిటి?

సొన్నమ్మవ్వ గురించి ఒక్క ముక్కైనా అడగలేదు నువ్వు. అయిదు కుట్లని రాశాను. బతికిందా, కన్ను కనిపిస్తోందా అని అడగలేదు.

అప్పుడు బండిని కలాసిపాళ్యానికి తీసుకుపోయి పిల్లప్ప ముందు నిలబెట్టాను. ఆయన కింద పడుకొని వెనక పెట్టె నూనె మర విప్పాడు. నూనె కారలేదు. చెంబు పెట్టుకొని కూర్చున్నాం. ముద్దలు ముద్దలుగా జారింది, పలచబడ్డ రాగి సంగటి మాదిరి. నల్లగా. పిల్లప్ప ఒక ముద్ద వేలితో తీసి, నలిపి, వాసన చూసి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదేందో తెలుసునా?"

"తెలీదు."

"రంపపు పొట్టు. మందపు నూనెలో కలిపి పోసినారు. లోపల పండ్లు అరిగిపోయి అరస్తా ఉంటే, దాని గొంతులో గుడ్డ కుక్కినట్టు. మూడు నెల్లు, నాలుగు నెల్లు చప్పుడుండదు. కొనేవాడికి ఏమీ తెలీదు."

తరవాత పెట్టె మొత్తం విప్పాడు. క్రౌను చక్రానికి మూడు పండ్లు లేవు. విరిగిన ఒక ముక్క రెండు చక్రాల మధ్య నలిగి అడుగున పడి ఉంది. ఆ ఆదివారం బండి బిగుసుకుపోయింది దానివల్లే. "ఇంకొక తూరి ఇట్లా మధ్యలో పడుంటే చక్రాలు బిగుసుకోని బండి పల్టీ కొట్టేది. పిల్లా జెల్లా ఎవురూ మిగిలేవారు కాదు" అన్నాడు పిల్లప్ప. మళ్ళీ, "ఇంత సరిగ్గా కొలత చూసి పోసినాడంటే పని తెలిసినోడే. ఎవురప్పా నీకు బండి చూసిచ్చింది?" అన్నాడు.

నీ పేరు చెప్పలేదు. విరిగిన ఆ ముక్కను చేతిలోకి తీసుకొని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

అప్పటినుంచి ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నామకరణానికి నువ్వు వచ్చినప్పుడు బండి తెచ్చి స్టేషను బయట పెట్టుకొని కూర్చున్నాను. నువ్వు అవతలి గేటులోంచి జట్కా ఎక్కి ఇంటికొచ్చేశావు. నేను కనపడలేదన్నావు. పోయేటప్పుడు దించుతానంటే బస్సుకు వేళయిందని నడిచిపోయావు. కాలు తీస్తే శ్రుతి మారుతోందని రాశాను. నువ్వు దానికి జవాబే రాయలేదు, టైర్లని రాశావు. అది టైర్లది కాదని పిల్లప్పకు టీకొట్టు దగ్గరే తెలిసింది. నీకు తెలియదా?

పదహారేళ్ళప్పుడు నీ దగ్గర చేరాను. పానా పట్టుకోవడం నువ్వే నేర్పావు. చెల్లెల్ని నీకిస్తే బాగుంటుందని అమ్మతో మొట్టమొదట అన్నవాణ్ణి నేనే.

ఒక్కటే అడుగుతున్నాను. పొట్టు పోసింది వెంకటగిరియప్పా, నువ్వా? ఆయన పోస్తే నీకు తెలుసా? దాచకుండా రాయి.

30న నంజమ్మ రావడం లేదు. అమ్మతో పాపకు పడిశమని చెప్పాను.

ఓబళప్ప


రాబర్ట్‌సన్‌పేట
1-12-1958

ఓబళప్పా,

నేనే పోశాను.

అయిదు రోజులుగా ఈ మాట రాసి చింపుతున్నాను. బండి గ్యారేజీకి వచ్చినప్పుడే లోపల అరిగిపోయి ఉంది. బాగుచేయాలంటే సామాను మద్రాసునుంచి రావాలి. వెంకటగిరియప్ప, "పొట్టు పోసి వదిలెయ్, ఎవడో వచ్చి కొనుక్కోని పోతాడు" అన్నాడు. పోశాను. పన్నెండేళ్ళలో అట్లాంటివి మూడో నాలుగో చేసి ఉంటాను. ఆ కొనేవాడికి మొహం ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

రెండు వారాల తరవాత నువ్వొచ్చావు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగావు. బానెట్టు మీద చెయ్యి పెట్టి, "బావా, ఇది బాగుండాదా?" అని అడిగావు. వెంకటగిరియప్ప నీ వెనకే నిలబడి నన్ను చూస్తున్నాడు. ఇక్కడి లారీల యజమాని ఆయనకు వియ్యంకుడు. నన్ను ఇక్కడ పెద్ద మేస్త్రీగా పెట్టించడానికి ఆయన మాటిచ్చింది అంతకు ముందురోజే. "బాగుండాది" అన్నాను. ఆ ఒక్క మాటకే ఈ ఉద్యోగం, ఈ రెండు గదుల ఇల్లు.

ఉగాదిదాకా నడుస్తుందనుకున్నాను. ఈలోపు ఎక్కడైనా మంచి క్రౌను దొరికితే సెలవు పెట్టి వచ్చి, నీకు తెలియకుండా మార్చేద్దామనుకున్నాను. నిజంగా వెతికాను ఓబళప్పా. చప్పుడు ఇంత త్వరగా బయటపడుతుందనుకోలేదు. విప్పితే నా పేరు బయటికొస్తుంది. అందుకే టైర్లని రాశాను, బేరింగులని రాశాను. సొన్నమ్మవ్వ సంగతి చదివినప్పుడు లోపల పండ్లు విరిగాయని తెలిసిపోయింది. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు.

ఇప్పుడొక పాత క్రౌను జత దొరికింది. పండ్లన్నీ బాగున్నాయి. లారీలో నీకు పంపిస్తున్నాను. పిల్లప్ప చేతనే వేయించు. నన్ను ఎన్నైనా తిట్టు. నంజమ్మకు మాత్రం చెప్పొద్దు. అదొక్కటి నా కోసం చెయ్యి.

మునినారాయణప్ప


మడివాళ, బెంగుళూరు
10-12-1958

శ్రీ మునినారాయణప్ప గారికి,

మీ జాబు 3వ తేదీ మధ్యాహ్నం వచ్చింది. నేను ఇంట్లో లేను. ఇంటికొచ్చే జాబులన్నీ అమ్మకు చదివి వినిపించేది నంజమ్మేనని మీకు తెలుసు. నంజమ్మకు చెప్పొద్దన్న మాటను కూడా నంజమ్మే పైకి చదివింది.

నేను వచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నంజమ్మ పాపను ఒళ్ళో వేసుకొని, జాబు మడిచి పక్కన పెట్టుకుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. జాబు నా చేతికిచ్చి అడిగింది.

"అన్నా, నన్ను రైల్లో పంపమని రాసినాడు కదా. నిన్ను ఏం చేయమని రాసినాడు?"

"నడుపుకోమని."

"అది తెలిసినాక కూడానా?"

తల ఊపాను. అప్పుడు ఏడ్చింది. తన కోసమో నా కోసమో తెలియలేదు.

శనివారం సొన్నమ్మవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమెకు ఎడమ కన్ను సగమే కనిపిస్తోంది. ఆకులు ఎంచడానికి కోడలు సాయం చేయాల్సి వస్తోంది. రాయి కాదవ్వా అని చెప్పాను. పొట్టు సంగతి చెప్పాను. బండి మూలుగుతోందని నువ్వు అడిగినా వినకుండా ఎక్కించుకున్నాను, తప్పు నాది అన్నాను. ఆమె అంతా విని, "పొట్టు పోసినోడు ఎవురప్పా?" అంది. గ్యారేజీలో ఎవడో అని చెప్పి లేచి వచ్చేశాను. మీ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది మీ మీద జాలితో కాదు. మా చెల్లెలి మొగుడని చెప్పుకోవడానికి సిగ్గేసి.

ఇంటికొచ్చి ఆ మాటే నంజమ్మతో అన్నాను. "నువ్వు కూడా దాచినావా?" అంది. అంతే. ఆదివారం పొద్దున పాపను ఎత్తుకొని తానే అవ్వ ఇంటికి వెళ్ళింది. నేను వెనకాలే పోయి వాకిట్లో నిలబడ్డాను. నంజమ్మ లోపల కూర్చోకుండానే చెప్పింది.

"అవ్వా, పొట్టు పోసింది నా మొగుడు. అన్నకు అబద్ధం రాసిందీ ఆయనే. ఇది ఆయన బిడ్డ."

సొన్నమ్మవ్వ పాపను తీసుకొని ఒళ్ళో పెట్టుకొని, బాగున్న కంటి వైపు తిప్పి మొహం చూసింది. "నువ్వేం చేసినావమ్మా, నిలబడి ఉండావు, కూకో" అంది. నంజమ్మ లేచి వచ్చేటప్పుడు అవ్వ అంది, "ఆయప్పను ఒకతూరి పంపించు. కొట్టను, తిట్టను. నా ఎదురుగా వచ్చి, నేనే అని చెప్పమను. చాలు."

నంజమ్మ మీ దగ్గరికి వస్తానంటోంది. అమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను. "ఆయన్ని విడిచి ఏం చేసేది? ఇద్దరం కలిసి అవ్వ దగ్గరికి రావాల. ఆ పని అయ్యేదాకా నేను ఆయనతో మంచిగా మాట్లాడను. అయినాక చూస్తా" అంది. అది తన సంసారం. నేను అడ్డు చెప్పను. ఆ రోజు మీరు మడివాళకు వస్తే సొన్నమ్మవ్వ ఇంటికి వెళ్ళి అట్నుంచి అటే వెళ్ళిపోండి. మా ఇంటికి రావద్దు. అమ్మ కూడా ఈ మాటే చెప్పమంది.

మీరు పంపిన క్రౌను జత గురువారం లారీలో వచ్చింది. గోనెసంచి విప్పలేదు. అదే లారీలో తిప్పి పంపాను. మంచి సామానే అయి ఉండవచ్చు. మంచిదో కాదో తెలియాలంటే మీ మాట నమ్మాలి. అది నా వల్ల కాదు. పిల్లప్ప పాత ఇనుము కొట్లన్నీ తిరిగి వేరే జత తెచ్చి వేశాడు. వేసేటప్పుడు ప్రతి పన్నూ నా చేత తడిమించాడు. నూనె నా చేతనే పోయించాడు.

నంజమ్మ సోమవారం 15వ తేదీ పొద్దుటి రైల్లో వస్తుంది. తోడుగా అమ్మ బంగారుపేటదాకా వచ్చి, అక్కడే తిరుగు రైలెక్కుతుంది. పాపకు నిజంగానే పడిశం పట్టింది. దుప్పటి తెచ్చుకోండి.

బండి ఇప్పుడు ఏ చప్పుడూ చేయడం లేదు. నిన్న ఇద్దరు ముసలివాళ్ళను యశవంతపురం తీసుకుపోయాను. వెనక సీట్లో వాళ్ళు గుసగుసలాడుకుంటే కూడా నాకు వినిపించింది. వెళ్ళి వచ్చేలోపు మూడుసార్లు బండి ఆపి దిగి, కింద పడుకొని, వెనక పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. అంతా బాగానే ఉంది. "ఏమప్పా, ఏమన్నా చెడిందా?" అని వాళ్ళు అడిగారు. లేదన్నాను. చప్పుడు లేని బండిని నడపాలంటే ఇప్పుడు నాకు భయంగా ఉంది. ఆ భయం ఎప్పుడు పోతుందో తెలియదు.

ఇకమీద జాబులు నంజమ్మ రాస్తుంది. మీరు రాయనవసరం లేదు.

ఓబళప్ప